అగ్గిపెట్టెలో పదో చీర

మార్కండేయ జీవితంలో మొదటి గెలుపు అగ్గిపెట్టె మీద. ఇరవై రెండో ఏట, ఏడు పెట్టెలు చినిగి ముక్కలయ్యాక, ఎనిమిదో దాంట్లో తాను నేసిన ఆరు గజాల చీరను పట్టించాడు. అది వంటింట్లో వాడే పెద్ద అగ్గిపెట్టె. ఆ సంగతి అడిగినవాళ్లకే చెప్తాడు. గద్వాలలో చీరలు నేసేవాళ్లు ఎందరో ఉన్నారు. పెట్టెలో పట్టేంత సన్నగా నేసేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. ఆ వేళ్లలో బొటనవేలు మార్కండేయ.

తర్వాతి గెలుపులూ తక్కువేం కాదు. చదివింది ఐదో తరగతే అయినా కాగితం ముట్టకుండా చిలకల అంచు లెక్క కట్టాడు. కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నాడు. వనపర్తిలో ఒక పెళ్లికి ఒకే రకం చీరలు పదకొండు నేసి, పదకొండు మంది తోడికోడళ్ల మధ్య తగవు రాకుండా చూశాడు. శాలువా కంటే ఇదే గొప్పదని అతని నమ్మకం.

అరవై మూడో ఏట మోకాళ్లు మొరాయించాయి. కాలితో తొక్కితే లేచే దారాలను కరెంటుతో ఎత్తే జకార్డు యంత్రం కొనాలి. అప్పు కోసం బ్యాంకుకు పోయాడు. ఫైళ్లు చూసే సుధాకర్ సారు చీరను చూడలేదు, ఫోను అడిగాడు.

“ఆన్‌లైన్ల పది చీరలు అమ్ము పెద్దాయనా. ఒక్క ఫిర్యాదు ఉండొద్దు. దసరా అయినంక ఫైలు పైకి పంపుత.”

“శాలువా ఫొటో తెచ్చిన సారూ.”

“శాలువాకు లోను రాదు.”

కోడలు సుష్మిత ఫోనులో దుకాణం తెరిచింది. తొమ్మిది చీరలు పోయాయి, తొమ్మిదింటికీ ఐదేసి స్టార్లు వచ్చాయి. ఆమె ఒక్కో చీరను దిండంత అట్టపెట్టెలో పెట్టి పంపేది. అది చూసినప్పుడల్లా మార్కండేయకు ఒళ్లు మండేది. “చీర అమ్ముతున్నవా బిడ్డా, గాలి అమ్ముతున్నవా?”

పదో చీర బెంగళూరుకు. ఆ రోజు సుష్మిత ఆత్మకూరులోని పుట్టింటికి పోతూ, “అట్టపెట్టెల పెట్టి ఇయ్యి మామా” అని మరీ మరీ చెప్పింది. ఇంట్లో అట్టపెట్టె ఉంది. అగ్గిపెట్టె కూడా ఉంది.

గిన్నెలో పోసిన అగ్గిపుల్లలను చూసి భార్య జమ్ములమ్మ అడిగింది. “పుల్లలు ఈడున్నయ్, పెట్టె ఏది?”

“బెంగళూరు పోతుంది.”

అడ్రసు కాగితం ఆ పెట్టెకు రెండు చుట్లు వచ్చింది.

నాలుగో రోజున, చీర కొన్న వర్ష అరచేతిలో అగ్గిపెట్టె ఫొటో తీసి పెట్టింది. ఒక్కటే స్టారు. ‘చీర అడిగితే అగ్గిపెట్టె పంపారు. మోసం.’

“ఏం పని చేసినవ్ మామా!” సుష్మిత తల పట్టుకుంది.

“నలభై ఏండ్ల నుంచి చేస్తున్న పనే బిడ్డా.”

వర్షకు ఫోను చేశాడు. “అమ్మా, పెట్టె జర తెరిచి చూడు.”

“బేడ అజ్జా, వద్దు! తెరిస్తే వాపసు తీసుకోరంట” అని పెట్టేసింది.

ఫిర్యాదు ఉంటే ఫైలు కదలదని, పదమూడో తేదీ సోమవారం దాకే ఆగుతానని సుధాకర్ సారు చెప్పాడు. మార్కండేయ పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు. జమ్ములమ్మ బీచుపల్లి ఆంజనేయునికి కొబ్బరికాయ మొక్కుతూనే ఒక మాట విసిరింది.

“మోకాళ్లు లేస్తలేవంటివి గదా, బెంగళూరుకు లేస్తయా?”

“మగ్గానికి లేవవు. పరువుకు లేస్తయ్.”

ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కాడు. వర్ష ఇల్లు వెతుక్కుని తలుపు కొట్టేసరికి, అగ్గిపెట్టె ఇంకా బల్ల మీదే ఉంది, వాపసు చీటీ అంటించుకుని.

“నువ్వు తెరువకు తల్లీ, నేనే తెరుస్త. నచ్చకుంటే మళ్లా గిట్లనే మడిచి పెడత.”

కొస పట్టి లాగాడు. చీర వచ్చింది, వస్తూనే ఉంది. సోఫా నిండింది, పక్కన కుర్చీ నిండింది. చిలకల అంచు కనబడగానే వర్ష పక్కింటామెను కేకేసింది. గంటలో ఆరుగురు చేరి, చీరను మళ్లీ పెట్టెలో పెట్టబోయి ఓడిపోయారు. మార్కండేయ కాఫీ తాగాడు. తాగాక లేచి, మడతల మీద మోకాలు ఆనించి, ఒక్క ఊపున పెట్టె మూశాడు. ఆ మోకాలు నొప్పి పెట్టిన సంగతి జమ్ములమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫిర్యాదు పోయింది, ఒకటి ఐదు స్టార్లయ్యింది. కానీ మడత నేర్పేదాకా ఆ ఆరుగురూ అతన్ని కదలనిచ్చేలా లేరు. ఇంటికి ఫోను చేస్తే జమ్ములమ్మ ఎత్తింది.

“అందరికీ అగ్గిపెట్టెలనే కావాల్నంట. అట్టపెట్టెలు ఇగ బంద్ అని కోడలికి చెప్పు.”

“బంద్ చెయ్య మామా!” వెనక నుంచి సుష్మిత అరిచింది. “నీ పెట్టెను నా పెట్టెల పెట్టి పంపుత. సుధాకర్ సారు స్టార్లు చూసిండు. సోమవారం సంతకానికి రమ్మన్నడు.”

జమ్ములమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. “ముందు ఇంట్లకు అగ్గిపెట్టె తే. ఎప్పుడొస్తవ్?”

మార్కండేయ తిరుగు టికెట్టు తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని, కలెక్టరు ముందు పేరు చెప్పినంత గట్టిగా చదివాడు: అక్టోబరు పన్నెండు, ఆదివారం.