ఎలుకలు తిన్న సగం పేజీ

కరీంనగర్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం మెట్టెక్కగానే ఆ వాసన వచ్చింది. ఉడుకుతున్న మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం, పాత కాగితం. సంచిలోంచి పుస్తకం తీయకముందే నర్సయ్య సార్ వచ్చి నా పక్కన నిలబడినట్టయింది. ఆయన చేతులెప్పుడూ ఇదే వాసన వేసేవి. ధర్మపురికి పోయే బస్సులు ఆగే మా ఊళ్లో, రెండు గదుల పెంకుటింట్లో ఉండేది గ్రంథాలయం. దానికి ఆయనే అధికారి, ఆయనే బంట్రోతు, చిరిగిన పుస్తకాలకు ఆయనే వైద్యుడు. ఏ కాలేజీలో చదివావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ పెంకుటిల్లే చెబుతాను, గర్వంగానే.

ఎనభైల మొదట్లో మాట. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. బీడీలు చుట్టేదాన్ని. కార్ఖానాలో కట్టలు అప్పజెప్పి వస్తూ ఒక మధ్యాహ్నం గ్రంథాలయం గడప దగ్గర ఆగాను. లోపల అందరూ మగవాళ్లే, పేపర్లు చదువుతున్నారు. నా చేతుల నిండా తంబాకు వాసన. వెనక్కి తిరగబోతుంటే సార్ తలెత్తి, "ఏంది బిడ్డా, పేపర్ చదువనీకి ఎవ్వల్ని అడిగే పనిలే. లోపటికి రా, కూసో" అన్నారు. కొన్నాళ్లు పేపర్లు చదివాను, తర్వాత అక్కడే కూర్చుని కథల పుస్తకాలు. పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే ఊళ్లో పేరున్నవాళ్లు జామీను ఉండాలి. నాకెవరున్నారు? సారే సంతకం పెట్టారు. "అందరికి గంతే బిడ్డా. ముందుగాల పేపర్ బల్ల, తర్వాత బీరువా, తర్వాత ఇల్లు. మెల్లగ అలవాటు గావాలె" అని నవ్వారు.

ఆ గ్రంథాలయంలో మా అందరికంటే పాత సభ్యురాలు దొరసాని, బూడిదరంగు పిల్లి. ఎప్పుడు చూసినా ఆనాటి పేపర్ మీదే పడుకునేది. రోజూ వచ్చే ఎల్లయ్య తాత దాన్ని బతిమాలేవాడు: "అవ్వా, జర జరుగు. మక్కల ధర నీ కడుపు కిందున్నది." అది జరిగేది కాదు. సార్‌కు ఇంటి దగ్గర ఎవరూ లేరు. మధ్యాహ్నం డబ్బాలోని పెరుగన్నం ఆయనా, దొరసానీ పంచుకునేవారు. కానీ దొరసాని ముసలిదైంది. ఎలుక ముందునుంచి పోయినా ఒక కన్ను తెరిచి మళ్లీ మూసేది. జిగురు రుచి మరిగిన ఎలుకలు పుస్తకాల వీపులన్నీ కొరికేస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో, బీడీలు చుట్టే తునికాకు గంపలో పిల్లి పిల్లల్ని పెట్టింది. ఒకదాన్ని తెస్తానంటే సార్ ఆలోచనలో పడ్డారు. "కొత్తదాన్ని చూసి దొరసాని అలిగి రోడ్డెక్కితే ఎట్ల? దానికి చెవులు సరిగ ఇనబడయ్. ఒక్క బస్సు చాలు బిడ్డా. అది లేకుంటే ఈడ నాకు బువ్వ గూడ దిగది."

"నాకిడిచిపెట్టుండ్రి సార్. నేను చదివి చెప్తా" అన్నాను.

బీరువా అడుగున పెంపుడు జంతువుల పుస్తకం దొరికింది. ఎంత సంబరం! ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి నాకు అచ్చులో కనబడుతోంది. పాత పిల్లి ఉన్న ఇంటికి కొత్త పిల్లను ఎలా తేవాలో ఒక పేజీ మొత్తం రాశారు. పై సగాన్ని ఎలుకలు తినేశాయి. మిగిలిన సగంలో, రెండింటినీ ఎదురెదురుగా ఉంచి పాలు పెట్టమని ఉంది. అంతకుముందు ఏం చెయ్యాలన్నారో అనే అనుమానమే నాకు రాలేదు. ఉన్న సగాన్ని కంఠస్థం చేశాను.

మర్నాడు పిల్లను సంచిలో తెచ్చి దొరసాని ముందు దింపి, గిన్నెలో పాలు పోశాను. పేపర్లు మడిచి అందరూ చుట్టూ చేరారు. తంబాకు ఘాటుకు దొరసాని ముందు ఫట్టున తుమ్మింది. ఆ తర్వాత ఒళ్లంతా ఉబ్బించి, బుస్సుమని, పిల్లను ఒక్కటి చరిచి, పాలగిన్నె తన్నేసి కిటికీలోంచి దూకింది. బయట బస్సు హారన్. సార్ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు, వెనక నేను. చాయ్ హోటల్ బల్ల కింద దొరికింది, వణుకుతూ. ఆయన భుజాన వేసుకుని తెచ్చి దించగానే బీరువా నెత్తికెక్కి కూర్చుంది. పెరుగన్నం చూపించినా దిగలేదు.

"ఏం పుస్తకం బిడ్డా అది?" అని అడిగారు. చూపించాను. కొరికిన అంచు మీద వేలు పెట్టి, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. "నువ్వు చదివింది మంచిగనే ఉన్నది. అసలు సంగతి ఎలుకలు చదివినయ్." నా కళ్లలో నీళ్లు చూసి గొంతు తగ్గించారు. "ఫికర్ చెయ్యకు. ఆ తిన్నకాడ ఏముండెనో మనమే ఆలోచిద్దాం. నువ్వెట్ల వచ్చినవ్ లోపటికి? ఒక్కపారే వచ్చినవా?"

నాకు అప్పుడు వెలిగింది. పేపర్ బల్ల, బీరువా, ఇల్లు! పిల్లను పాత పత్రికల గదిలో పెట్టి తలుపేశాం. దొరసాని పడుకున్న పేపర్లే దానికి పరుపు. పిల్ల పడుకున్న గుడ్డను తెచ్చి దొరసాని బల్ల కింద వేశాం. మెల్లగా పిల్ల ఒంటి మీది తంబాకు వాసన పోయి, కాగితం వాసన పట్టింది. తర్వాత మూసిన తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె పెరుగన్నం. దొరసాని మొదట గిన్నెను చూసి మొహం తిప్పుకుంది. సార్ తన ముద్ద కూడా పక్కన పెట్టి ఎదురుచూశారు. అది తినేదాకా తను తినలేదు. రోజూ తాళం వేసేముందు కిటికీ రెక్కలు మూసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవారు.

ఒకరోజు తలుపు కింది సందులోంచి బుడ్డ పంజా బయటికొచ్చింది. ఎల్లయ్య తాత పకపకా నవ్వాడు. "సారూ, దీనికి గూడ జామీను నువ్వేనా?"

"నేను పెడితె చెల్లది తాతా. దొరసాని పెట్టాలె సంతకం."

చివరికి తలుపు తీశాం. అందరూ పేపర్లు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు గాని, ఒక్కరూ చదవడం లేదు. పిల్ల తోక నిలబెట్టుకుని నడిచొచ్చి బల్లెక్కింది. దొరసాని దాని మెడ దగ్గర చాలాసేపు వాసన చూసింది. సార్ కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. దొరసాని పంజా ఎత్తింది, ఒక్కటి వేసింది. గోళ్లు బయటికి రాలేదు. పిల్ల వెల్లకిలా పడి, దొరసాని తోకనే పట్టుకుంది. అప్పుడు దొరసాని వంగి దాని చెవి నాకింది. ఎల్లయ్య తాత ఎంత బతిమాలినా జరగని దొరసాని, పేపర్ మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"పెట్టింది! సంతకం పెట్టిందిరో!"

అరిచింది సార్. దగ్గినవాళ్లను కూడా కసిరే మనిషి, స్వయంగా రాసి గోడకు కొట్టిన 'నిశ్శబ్దం' బోర్డు కిందే నిలబడి చేతులెత్తి అరిచారు. మేమంతా చప్పట్లు కొట్టాం. బస్టాండు నుంచి జనం ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

రిటైరయ్యే ముందు సార్ ఎలుకలు కొరికిన ఆ పుస్తకాన్ని నా చేతుల్లో పెట్టారు. చిరిగిపోయింది కనుక లెక్కలోంచి తీసేశారట. ఆయన పోయి చాలా కాలమైంది. నేను ఎన్నో పుస్తకాలు చదివాను. ఏదైనా కొత్త సంగతి దొరికి, ఎవరికైనా చెప్పెయ్యాలని ఉరకలు వేసినప్పుడల్లా నా వేలు దానంతటదే పేజీ పైఅంచుకు పోతుంది, కొరుకుడేమైనా ఉందేమోనని. మా ఇంటి వరండాలో ఇప్పుడు నేను పేపర్లు వేసిన బల్ల ఒకటుంది. గేటు దగ్గర ఎవరైనా తటపటాయిస్తే, సార్ మాటే నా నోట వస్తుంది: లోపటికి రా, కూసో.

బైండింగ్ అబ్బాయి నేనిచ్చిన ఆ పుస్తకం తిరగేసి ఒకచోట ఆగాడు. "అక్కా, గీ కొరికిన పేజీ తీసేస్తా. బుక్కు నీటుగ కనబడ్తది."

"వద్దు తమ్మీ, గట్లనే కుట్టు" అన్నాను. "నేను ఎక్కువ చదివింది ఆ పోయిన సగమే."