పులిగాడి మొదటి ముద్ద

ఆళ్లగడ్డలో బస్సులు ఆగే చోట కొండమ్మక్క పూటకూళ్ల ఇల్లు తెలియని ప్రయాణికుడు ఆ రోజుల్లో లేడు. తెలియదని ఎవడైనా అంటే వాడు ఇంటి నుంచి సద్దిమూట తెచ్చుకునే పిసినారి అయినా అయ్యుండాలి, అబద్ధాలకోరైనా అయ్యుండాలి. నా పేరు ఓబులేసు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య బస్సు తోలేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని, నోటికి తాళం లేదని జనం అనేవాళ్లు. నిజమే, కాదనను. ఈ కథలో తప్పు చేసింది కూడా ఆ నోరే, అందుకే ముందుగా ఒప్పేసుకుంటున్నాను.

కొండమ్మక్క పుట్టిల్లు ప్యాపిలి దగ్గర. పదిహేనో ఏట ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చింది. మొగుడు బాడుగ బండి తోలేవాడు. విషజ్వరం వచ్చి వారం రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. అన్నలు వచ్చి ఇంటికి రమ్మంటే, "మీ ఇంట్లో మీ పెండ్లాల కింద చేసే చాకిరీ ఈడ నాలుగూర్లోళ్లకు చేసుకుంటా, పొండి" అందట. బస్సులు ఆగే చోట కొట్టం వేసుకుని, మూడు రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండి పెట్టడం మొదలుపెట్టింది.

మొదటి వారంలోనే ఎవడో ఆమె పప్పు తిని కడుపునొప్పి వచ్చిందని పుకారు లేపాడు. గిట్టని వాడెవడో ఉంటాడు, ఎక్కడైనా ఉండేదే కదా. మరునాడు పదిమంది ఆకుల ముందు కూర్చున్నాక కొండమ్మక్క ప్రతి గిన్నెలోంచీ కొంచెం కొంచెం తీసి, అన్నంలో కలిపి ఒక ముద్ద చేసి, గడప దగ్గర పడుకున్న వీధి కుక్కకు అందరూ చూస్తుండగా పెట్టింది. అది శుభ్రంగా తిని తోక ఊపింది. "సూసినారు గదా? నా కుక్క తినంది మీకు పెట్టను. తినేటోళ్లు తినండి, లేకుంటే లేయండి" అంది. ఎవడూ లేవలేదు.

అప్పటి నుంచి అదే ఆనవాయితీ అయింది. పన్నెండేళ్లపాటు ఆ ఇంట్లో మొదటి ముద్ద కుక్కకు పడందే ఒక్క ఆకులోనూ అన్నం పడలేదు. వేరే హోటళ్లకు బోర్డులుండేవి. ఈమెకు ఆ ముద్దే బోర్డు. కొత్తవాళ్లకు పాతవాళ్లు మోచేత్తో పొడిచి చూపించేవాళ్లు. ఆ మొదటి కుక్క పోయాక దాని కొడుకు పులిగాడు గడప దగ్గరికి వచ్చాడు. పేరుకే పులి. కోడిపుంజు రెక్క విదిలిస్తే మంచం కింద దూరే రకం.

కొండమ్మక్క వంట గురించి చెప్పాలి. గోంగూర పప్పు, వంకాయ కూర, శెనక్కాయలు దంచి చేసే ఊరిబిండి పచ్చడి. ఊరిబిండిలో ఎంత కారం వేసేదంటే తిన్నవాడి చెవుల్లోంచి పొగ రావాలి. మా సీమలో కారం తినలేని మగవాడంటే నవ్వులాటే. నా కడుపులో అప్పటికే ఏడాదిగా మంట ఉంది. పొద్దంతా ఇంజను వేడి మీద కూర్చునేవాడికి అది మామూలే అని సర్దుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఊరిబిండి తిన్నట్టు నటించి ఆకు అంచు కింద దోపేసేవాణ్ణి. డ్రైవరు ఓబులేసు కారానికి భయపడ్డాడంటే నంద్యాల దాకా నవ్వరూ!

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. అర్జీలు చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లతో బస్సు కిక్కిరిసేది. ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకు పులిగాడు చిక్కిపోవడం మొదలుపెట్టాడు. గడ్డి కొరికేవాడు, కక్కేవాడు. పక్కటెముకలు బయటికి తేలాయి. కొండమ్మక్కకు కంగారు పట్టుకుంది. తిండి చాలడం లేదేమో అనుకుని ముద్దలో నెయ్యి ఎక్కువ పోసింది. ఎవరో పాలు తాపమంటే పాలు తాపింది. ఇంకెవరో గుడ్డు పెట్టమంటే గుడ్డు, బొమికల పులుసు పొయ్యమంటే పులుసు. రోజుకొకరి మాట విని రోజుకొకటి పెట్టింది. పులిగాడు ఇంకా పాడైపోయాడు.

ఒక సంత రోజు ఇల్లు నిండా జనం. కొండమ్మక్క ఎప్పటిలాగే మొదటి ముద్ద పెట్టింది. పులిగాడు వాసన చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు, పాపం ఆమె కోసమే అన్నట్టు తిన్నాడు. తిన్న రెండు నిమిషాలకు గడప మీదే కక్కాడు.

ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. నేను ఊరుకున్నానా? ఊరుకుంటే ఓబులేసును ఎలా అవుతాను!

"ఏమక్కా, పులిగాడే వద్దంటాండాడు, మా పేగులు యాడ తట్టుకుంటాయి?" అన్నాను.

కొట్టం ఎగిరిపోయేలా నవ్వారు. కొండమ్మక్క నవ్వలేదు. నీళ్లు తెచ్చి గడప కడిగింది. ఇద్దరు ముగ్గురు ఆకులు వదిలి మెల్లగా లేచిపోయారు. నా మాట నా బస్సులోనే ఎక్కి శిరివెళ్లలో దిగింది, నంద్యాలలో దిగింది, మరునాటి ట్రిప్పుకి నాకంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో సగం ఆకులు ఖాళీ. బస్సు దిగినవాళ్లు ఎదురుగా కొత్తగా పెట్టిన హోటలు వైపు నడిచేవాళ్లు. మా కండక్టరు చెన్నకేశవులు, "నీ నోట్లో మన్ను పడ, ఒక ఇంటి పొయ్యి ఆర్పినావు గదన్నా" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది?

కొండమ్మక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇంతకుముందు "రా ఓబులేసూ, కాళ్లు కడుక్కో" అనేది, ఇప్పుడు మౌనంగా ఆకు వేసి మౌనంగా వడ్డించేది. చివరికి ఒకరోజు నేనే అన్నాను.

"అక్కా, నంద్యాలలో దేవసహాయం అయ్య అని ఉండాడు. పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైనాడు. పులిగాన్ని తీస్కపోదాం, రేపు నా బస్సెక్కు."

"కుక్కను బస్సెక్కిస్తారా?"

"నా బస్సు. నేనెక్కిస్తా."

బస్సు నాది కాదనుకోండి, యజమానిది. అయినా మాట అలా వచ్చేసింది. పన్నెండేళ్లలో మొదటిసారి కొండమ్మక్క పనిరోజున పొయ్యి వెలిగించలేదు. పులిగాణ్ణి గోనెసంచి మీద నా సీటు పక్కన పడుకోబెట్టాం. ముందు సీట్లో ఒక తెల్లపంచె పెద్దమనిషి, కుక్క పక్కన కూర్చోనని గొడవ పెట్టుకున్నాడు. "దిగు సామీ, నడిచి రా, నంద్యాలలో కలుద్దాం" అన్నాను. ఆయన దిగలేదు. దారి పొడుగునా కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

దేవసహాయం అయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పులిగాడి చిగుళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఏం పెడుతున్నావని అడిగాడు. కొండమ్మక్క గర్వంగా ఒక్కొక్కటీ చెప్పింది. పప్పు, కూర, ఊరిబిండి, నెయ్యి, పాలు, గుడ్డు, బొమికల పులుసు.

"ఇది కుక్క కడుపా, పెండ్లి పందిరా తల్లీ?" అన్నాడాయన. "సరే గానీ, వారంలో వీడు ఏ రోజన్నా కక్కకుండా ఉంటాడా?"

కొండమ్మక్క ఆలోచించింది. "ఆదివారం పొద్దున బాగనే ఉంటాడయ్యా. మీ గుడికి పోయే రోజని తెలిసి ఉంటాడేమో" అంది ఉడుకుమోత్తనంగా.

ఆయన నవ్వాడు. "మరి శనివారం ఏం తింటాడు?"

"శనివారం ఓబులేసు దేవుని ఒక్కపొద్దు సామీ. హోటలుండదు. పొద్దుగూకినాక ఇంత కొర్రన్నం వండుకోని, పలచని మజ్జిగ పోసుకోని తింటా. ఉప్పూ కారం ముట్టను. వాడికీ అదే ఇంత..." అని సగంలో ఆగిపోయింది. నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నా మతి మండ!"

"దొరికింది గదా మందు" అన్నాడాయన. "పాలు వద్దు, నూనె వద్దు, కారం అసలే వద్దు. కొర్రన్నం, పలచని మజ్జిగ, అంతే. ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు, కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. ఇరుగుపొరుగు ఎవరు ఏం చెప్పినా వినొద్దు."

"మరి మొదటి ముద్దో?"

"అమ్మా, ముందుగాల మానాల్సింది అదే."

తిరుగు ప్రయాణంలో ఆమె పులిగాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఓబులేసూ, రేప్పొద్దున వీనికి ముద్ద పెట్టకపోతే జనం ఏమంటారు? కుక్కే మానేసిందంటారు. ఉన్న నలుగురూ పోతారు."

"పెడితే?"

"వీడు పోతాడు."

ఆమె కళ్లల్లో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి. మొగుడు పోయినప్పుడు కూడా జనం ముందు ఏడవలేదంటారు. "అక్కా, ఆ పొద్దు నోరు జారినా. తప్పైంది" అన్నాను.

"నీ నోరు జారందెప్పుడు? ముందు దావ సూసి తోలు" అంది. ఆ తిట్టు విన్నాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మరునాడు బస్సు ఆపి పరుగున వెళ్లాను. ఆకుల ముందు ఏడెనిమిది మంది ఉన్నారేమో. గడప దగ్గర పులిగాడు లేడు, పెరట్లో కట్టేసి ఉన్నాడు. అందరి చూపూ ఆ ఖాళీ చోటు మీదే. ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అంటున్నాడు. కొండమ్మక్క లోపల్నుంచి ఒక ఆకు తెచ్చింది. ప్రతి గిన్నెలోంచీ కొంచెం కొంచెం తీసుకుంది. తెచ్చి, పులిగాడు కూర్చునే చోట, సరిగ్గా గడప పక్కన, మాకు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆమె తినగా చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. అందరూ లేచి, ఎంగిలాకులు తీసి, గిన్నెలు కడిగాకే వంటింట్లో ఒక మూల ఏదో ఇంత తినేది. అలాంటి మనిషి మగవాళ్ల మధ్య తల వంచకుండా ముద్ద కలిపింది.

"పులిగాని పొట్టకు కారం పడదు. డాక్టరు సెప్పినాడు. ఇంగ వానికి వేరే కూడు. మొదటి ముద్ద ఈ పొద్దు నుంచి నాది. నాకేమన్నా అయితే మీరు లేసి పొండి" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

అందరం ఆమె నములుతుంటే చూస్తూ కూర్చున్నాం. పాణ్యం వైపు రైతు ఒకాయన, తలపాగా తీసి పక్కన పెట్టి, "ఇంగొంత నెయ్యేసుకో తల్లీ, ఉత్తది తింటాండావ్" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. కొండమ్మక్క కూడా నవ్వింది. నేను కారం ఘాటని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

ఈ కబురు కూడా నా బస్సులోనే ఊళ్లకు వెళ్లింది. ఈసారి నేను కావాలనే ప్రతి స్టాపులోనూ మోశాను. గొంతు పోయేలా చెప్పాను. నెల తిరిగేసరికి ఆకులు చాలక జనం అరుగు మీద వంతు కోసం కూర్చునేవాళ్లు. పులిగాడి విషయంలో మాత్రం అక్క చాలా కట్టుగా ఉంది. ఎవడైనా మురిపెంగా రొట్టెముక్క విసిరితే గరిటె పట్టుకుని వచ్చేది. కొర్రన్నం, మజ్జిగ, మళ్లీ కొర్రన్నం, మజ్జిగ. దీపావళి నాటికి పులిగాడి ఎముకలు కండలో మునిగాయి. ఒకరోజు కోడిపుంజు మీద మొరిగాడు కూడా. అక్క ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

నా కడుపు మాత్రం అలాగే ఉంది. ఇంకా ఎక్కువైంది. నంద్యాలలో సోడా తాగుతూ, ఆళ్లగడ్డలో ఊరిబిండి ఆకు కింద దోపుతూ రోజులు నెట్టాను.

ఒక మధ్యాహ్నం ఇల్లు నిండా జనం. అక్క అందరికీ పప్పన్నం వడ్డించి నా దగ్గరికి వచ్చింది. నా ఆకులో కొర్రన్నం వేసి, పలచని మజ్జిగ పోసింది.

"ఏందక్కా ఇది?"

"పులిగాని కూడు."

నలుగురూ తిరిగి చూశారు. నాకు ఒళ్లు మండింది. "నేనేమన్నా కుక్కనా?" అని అరిచాను.

ఆమె గిన్నె కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నాళ్లుగా నీ ఆకులు తీస్తాండేది ఎవరనుకుంటివి? దినామూ ఆకు కింద ఊరిబిండి ముద్ద. సోడా తేన్పులు. కడుపు పట్టుకోని బస్సు దిగడం. వాడు నోరు లేనోడు, వాడే సెప్పుకున్నాడు. నంద్యాల దాకా వినపడే నోరుండాది నీకు, ఇంత మాట సెప్పలేకపోతివే అబ్బీ!"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా నేను పట్టించుకునేవాణ్ణి కాదేమో. అమ్మ పోయాక నా కడుపు గురించి అడిగినవాళ్లు ఎవరూ లేరు. తల వంచి ఒక ముద్ద తిన్నాను, ఇంకోటి తిన్నాను. చల్లగా దిగింది. ఇన్నాళ్లకు మొదటిసారి మంట లేకుండా దిగింది.

గడప అవతల పులిగాడు తన ఆకు నాకేసి నా ఆకు వైపు చూస్తున్నాడు. "పోరా, ఇది నాది" అన్నాను. అక్క గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మారు వడ్డించమని ఆకు ముందుకు జరిపాను.