చుట్టుటేపులో ఆవిడ

సూది వేసేముందు నర్సు స్పిరిట్ దూది రుద్దితే చాలు, ఫిల్మ్‌నగర్‌లో మా వెనకగది గుర్తొస్తుంది. సౌండ్ విభాగంలో పనిచేసే నాన్న, స్టూడియోలు పారేసిన పాత మిషన్లను అక్కడ స్పిరిట్ దూదితో తుడిచి బాగుచేసి, ఒక్కోదానికీ నంబరు వేసి, నోటుబుక్కులో దాని చరిత్ర రాసేవారు.

ఒకరోజు ఓ డబ్బింగ్ మిషన్ పలికింది. “అన్నం తిన్నావా, తల్లీ?” అని ఎవరో ఒకావిడ గొంతు. కాసేపాగి మళ్ళీ అదే ప్రశ్న.

“ఎవరు నాన్నా?”

“తెలీదమ్మా. డబ్బింగ్ చెప్పినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? డైలాగు కుదిరేదాకా తిరుగుతూ ఉండాలని టేపు రెండు కొసలూ కలిపి ఇలా చుట్టుగా అతికించేవాళ్ళం.”

నాకు అర్థమైంది ఒక్కటే, ఆవిడ లోపల ఇరుక్కుపోయింది. మర్నాడు నాన్న పనికి వెళ్ళగానే టేపు కత్తిరించి, గోడవతల బండల మీదికి గాలికి వదిలేశాను.

“తిన్నాను, ఇంక వెళ్ళు” అన్నాను.

నాన్న వచ్చి, చీకటిపడేదాకా ఆ బండల్లో వెతికారు. దొరకలేదు.

నాన్న పోయాక నోటుబుక్కు నా దగ్గరికొచ్చింది. ఆ పేజీలో “గొంతు ఎవరిదో తెలియదు. విన్నవాళ్ళం నేనూ, అమ్మాయీ” అని ఉంది.

ఇప్పుడు నేనొక్కదాన్నే. అన్నం ముందు కూర్చుంటే ఆ ప్రశ్న ఇంకా వినిపిస్తుంది, కానీ నాన్న గొంతుతో.