నీలం అంచు

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం మగ్గం మీద నా పక్కన కూర్చున్న కొమురయ్య చెయ్యి ఆపాడు.

"అన్నా, అంచుకు నీలం గదనే. నల్లది ఏస్తానవేంది?"

"నీలమేరా ఇది. నాకే నేర్పుతానవా?" అన్నాను.

మా వరంగల్లులో వెడల్పు జంపఖానాను ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. మేమిద్దరం ఏళ్ళ తరబడి అలాగే నేశాం. వయసులో ఉన్నప్పుడు అతను కాదంటే నవ్వి చాయకు పందెం కాసేవాణ్ణి. నలభై దాటాక, కాదన్న ప్రతివాడూ నన్ను చిన్నచూపు చూస్తున్నట్టే తోచేది.

నేను అన్నం తిని వచ్చేసరికి కొమురయ్య నావైపు అంచు విప్పేశాడు. "ఓర్వలేక నా పని చెడగొట్టిండు" అని మా నేతగాళ్ళ వాడలో అందరికీ చెప్పాను. పెద్దవాణ్ణని నమ్మారు. అతని పక్కన కూర్చుని నేసేందుకు ఎవరూ ఒప్పుకోలేదు. అతను మగ్గం వదిలి వర్ధన్నపేటలో పొలం కూలికి పోయాడు.

కొన్నాళ్ళకు దీపం చుట్టూ వలయాలు కనిపించసాగాయి. ఎదురొచ్చిన, మాకు నూలిచ్చే షావుకారునే పోల్చుకోలేకపోయాను. నా భార్య రాజవ్వ హనుమకొండ దవాఖానకు తీసుకుపోయింది.

"కాటరాక్ట్. రెండు కండ్లకున్నది," అన్నాడు డాక్టరు. "నీలం నల్లగ కనబడ్తాందా?"

"కొమురయ్య గదే అన్నడు," అంది రాజవ్వ.

కుడికంటికి ఆపరేషన్ చేశారు. తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. దగ్గొచ్చి తల ఎత్తాను. కంట్లో రక్తం చేరింది. "జర ఓపిక పట్టు. బ్యాండేజీ ఇప్పుడే తియ్యం," అన్నాడు డాక్టరు. కళ్ళు మూసుకుని పడుకున్నన్నాళ్ళూ ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చింది.

రక్తం తగ్గి, లావు అద్దాలు పెట్టుకోగానే వర్ధన్నపేట వెళ్ళాను. కొమురయ్య నన్ను చూసి పకపకా నవ్వాడు.

"అద్దాలల్ల నీ కండ్లు ఎద్దు కండ్ల లెక్కున్నయే అన్నా!"

"నువ్వు ఇప్పింది నల్లదేరా తమ్మీ."

"నాకెరుకే. నూలు దొరకని కాలం, జంపఖానా ఖరాబైతే నీ పేరు పోతదని ఇప్పిన."

"కానీ పోయింది నీ పేరేరా."

"గా ముచ్చట నాకు జెప్తే ఏం ఫాయిదా? వాడల జెప్పు."

వాడలో అందరి ముందూ చెప్పాను. అప్పటికే ఊరు విడిచినవాళ్ళకు తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఇద్దరం ఒకే మగ్గం మీద ఉన్నాం. ఎడమకన్ను ఇంకా మసకే. నా ఈడువాళ్ళకు ఒక్క మాట: పక్కవాడు కాదంటే అతని మనసును అనుమానించకండి, నూలు ఎండలోకి తీసుకెళ్ళి మూడోమనిషికి చూపించండి.

నిన్న ఎరుపు దగ్గర మళ్ళీ పేచీ పడ్డాం. ఎండలో రాజవ్వ చూసి నాదే నిజమంది. కొమురయ్య గొణుక్కుంటూనే చాయ తాగించాడు.