నల్ల సంచిలో తల

పొద్దున్నే ఆరింటికి జల్లు ఆగి, ఎండ పొడుస్తోంది. కుర్ర హమాలీ సంచుల కోసం మందుల ఫ్యాక్టరీ గోడౌన్‌కి వచ్చాడు.

గోడౌన్ చూసుకునే ముసలాయన్ని అందరూ చీకటి బాబాయ్ అనేవాళ్లు. అక్కడి పచ్చటి మందుపొడికి వెలుతురు తగిలితే నల్లబడి పాడవుతుంది. అందుకే డ్రమ్ముల్లో వేసే ప్రతి నల్ల సంచినీ ముందు తన తలకే తొడుక్కుని, ఊపిరి బిగబట్టి ఎండలో తిరిగేవాడు. లోపల చుక్కంత వెలుగు కనపడినా ఆ సంచి అవతలికే.

"ఏం బాబాయ్, ఈ వయసులో మేలిముసుగా?" అన్నాడు హమాలీ.

"నీ మొహం చూడకుండా ఉండాలంటే ఇంతకన్నా దారేముందిరా! ఇది బాగుంది, పట్టుకెళ్లు."

హమాలీ అందుకున్న సంచికి శనగగింజంత చిల్లుంది. బాబాయ్ కళ్లకి అది ఆనలేదు. మేనేజరుకి తెలిస్తే ముసలాయన పని ఊడినట్టే. అందుకే గుట్టుగా చొక్కాలో దోపుకుని ఇంకోటి లాగాడు.

ఆ చప్పుడు బాబాయ్ విన్నాడు. "ఎందుకురా మార్చావు?"

"మట్టైంది బాబాయ్."

"అబద్ధమాడ్డం కూడా రాదురా నీకు," అని బాబాయ్ నవ్వి, తను చూసిన సంచులన్నీ వాడి ముందుకు తోశాడు. "తల పెట్టి నువ్వు చూడు, మళ్లీ మొదట్నుంచి. నా కళ్లని ఇక నమ్మలేం."

హమాలీ చివరి సంచిలోంచి తల తీసేసరికి బాబాయ్ దగ్గరుండే గోడౌన్ తాళాలు డ్రమ్ము మీదున్నాయి. బాబాయ్ చెప్పాపెట్టకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.