అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు

నా చిన్నప్పుడు నౌపడ దగ్గర మా ఊరి చర్చిలో ఎవరికి పెళ్ళి కుదిరినా, మూడు ఆదివారాలు పాస్టరుగారు ఆ ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమనేవారు. ఎవరూ చెప్పేవారు కారు. అదొక ఆనవాయితీ, అంతే.

అమ్మ పోయాక నన్ను చూసుకోవడానికి అమ్మ చెల్లెలు, మా పిన్ని, వచ్చింది. తల దువ్వుతూ "నీ కోసరమే వచ్చానే" అనేది. నమ్మాను.

ఒక ఆదివారం పాస్టరుగారు మా నాన్న పేరు చదివారు. పక్కనే పిన్ని పేరు! ఎంత మోసం! అందరికీ తెలుసు, నాకు తప్ప. పిన్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, సిగ్గనుకున్నాను. ఒళ్ళు మండిపోయి, అభ్యంతరం మాట రాగానే లేచి "నాకుంది!" అని అరిచాను. చర్చంతా గొల్లున నవ్వింది. అమ్మమ్మ నా రెక్క పట్టి లాగి, "కూకోయే! నీకేటి తెలుసు?" అంది.

పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెద్దవాళ్ళు వినేలా లేయా కథ చెప్పారు. మామ లాబాను చిన్నకూతురు రాహేలు కోసం ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన యాకోబుకి, ఆ మామే ముసుగు చాటున పెద్దకూతురు లేయాని అంటగట్టాడు. తెల్లారి యాకోబు మోసపోయానని గోలపెట్టాడు. మరి లేయా ఏమందని నన్నడిగారు. ఆమెనెవరూ అడగలేదని, అదే యాకోబు తల్లి రిబ్కానైతే పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్తావా అని అడిగే పంపారని చెప్పారు. అప్పుడు పిన్ని వైపు తిరిగి, "నిన్నెవరైనా అడిగారా అమ్మా?" అన్నారు.

పిన్ని కళ్ళు వాచి ఉన్నాయి. "నన్నెవులడిగారండి? నాకూ పొద్దున్న చర్చిలోనే తెలిసింది."

నాన్న నేల చూపులు చూశాడు. ఇప్పుడు అడుగుతున్నానన్నారు పాస్టరుగారు. పిన్ని అమ్మమ్మని చూడలేదు, నాన్ననీ చూడలేదు. నా వైపు చూసి, "ఈ పిల్లనొగ్గీసి నానెక్కడికెల్తాను?" అంది.

పెళ్ళి జరిగిపోయింది. నన్ను ఎరగా వేసి పిన్నిని పట్టారు. ఆవిడ నన్ను కడుపులో పెట్టుకుని పెంచింది. నాన్న మీద, అమ్మమ్మ మీద కోపం మాత్రం వాళ్ళు పోయినా నాకు పోలేదు.

మొన్న మా మనవరాలి కోసం శ్రీకాకుళం నుంచి ఒక అబ్బాయి ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ఇంటిల్లిపాదీ చూసి ముచ్చటపడ్డారు, అప్పుడే ముహూర్తాల దాకా వెళ్ళిపోయారు.

"పిల్లకి సూపించారేటి?" అన్నాను.

ముందు ముహూర్తం కుదరనీ, తర్వాత చూపిద్దామన్నారు. ఆ ఫోను లాక్కుని మనవరాలి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేశాను.