గట్టి స్ప్రింగులు అడిగిన మనిషి

నాగర్‌కర్నూల్‌లో మాసయ్య షెడ్డుకు బండి తీసుకుపోయేవాళ్లు ముందే జవాబులు సిద్ధం చేసుకుని పోయేవారు. స్ప్రింగుల పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. కానీ ఏం మోస్తావు, ఎంత మోస్తావు, ఏ దారిన పోతావు అని అడగందే పానా పట్టేవాడు కాదు. చెప్పిన జవాబును నమ్మేవాడూ కాదు.

దానికో కారణం ఉంది. కొన్నేళ్ల కింద ఒక వ్యాను వెనక స్ప్రింగులకు అదనంగా రెండు కమాన్ పట్టీలు వేసి పంపాడు. వడ్లు మోస్తానన్న ఆ మనిషి టేకు దుంగలతో దొరికి, బండి కుంగకుండా లేపింది మాసయ్యేనని చెప్పాడు. మాసయ్య మూడు రోజులు పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని వచ్చాడు.

2007 ఎండాకాలంలో శివశంకర్ అనే మనిషి ఒక పాత ఎర్ర కారు తెచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మన్ననూర్ దిక్కు అడవి పల్లె తనది అన్నాడు. ఆ కారు ఒకప్పుడు బెంగుళూరులో రేసులాడిందట. దాని షాకబ్జర్లకు మరలు కోసి, వాటి మీద స్ప్రింగును మోసే ఒక రింగు బిగించి ఉంది. రింగును పైకి తిప్పితే బండి లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది.

"ఎనక గట్టి స్ప్రింగులెయ్యాలె మేస్త్రీ. బరువెక్కినా బండి కూసోవద్దు," అన్నాడు శివశంకర్.

"ఏం బరువు?"

"మనుషులే. పేషంటును పండబెట్టి పట్నం దవాఖానకు తీస్కపోవాలె."

"ఎవరు పేషంటు?"

శివశంకర్ రోడ్డు వైపు చూశాడు. "మా ఇంట్ల."

మాసయ్య కారు కిందికి దూరాడు. స్ప్రింగు అడుగంటితే దెబ్బ కాసే ఆపుడు రబ్బర్లు నుజ్జునుజ్జయి ఉన్నాయి. నలుగురు మనుషులు ఎక్కితే అట్లా కావు. పైకి వచ్చి లోపల చూశాడు. డ్రైవరు పక్క సీటు పీకేసి ఉంది. వెనకాల నేల మీద కట్టెపొట్టు, రెండు మూడు బెరడు ముక్కలు.

అన్నిటికంటే అతనికి ఆ గట్టి స్ప్రింగుల మాటే మింగుడుపడలేదు. పేషంటును మోసేవాడెవడైనా మెత్తటి స్ప్రింగులు అడుగుతాడు. చెక్‌పోస్టులో ముందుగా చూసేది బండి తోక కుంగిందా లేదా అని. బరువెక్కినా తోక కుంగొద్దని వీడు అడుగుతున్నాడు.

"స్ప్రింగులు పట్నం నుంచి రావాలె. పది రోజులకు రా," అని సాకు చెప్పి పంపేశాడు.

ఆ సాయంత్రం భార్య మల్లమ్మతో చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ, "పేషంటు ఎవరో ఇంకోసారి అడిగితే పోయేదుండె గద," అంది.

"దొంగను అడిగితే చెప్తడా?"

తెల్లారి అడవి చెక్‌పోస్టులో పనిచేసే బామ్మర్ది శ్రీశైలానికి ఫోను చేశాడు. కారు రంగు, నంబరు, సీటు పీకేసిన సంగతి చెప్పాడు. ఫోను పెట్టేశాక తేలికపడ్డాడు. ఈసారి తన పేరు రాదు అనుకున్నాడు.

పదో రోజు శివశంకర్ వచ్చాడు. కారు దిగి షెడ్డులోకి రాకుండా గడపలోనే నిలబడ్డాడు.

"మొన్న మా కారు ఆపిన్రు మేస్త్రీ."

మాసయ్య పానా కింద పెట్టలేదు. "ఎందుకు?"

"ఎవరో చెప్పిన్రంట. నా పెండ్లాము స్వరూప చింతకాయ దులపబోయి చెట్టు మీదికెంచి పడ్డది. నడుం ఇరిగింది. చెక్క మీద పండబెట్టి తీస్కపోతున్న. చెక్క కింద ఏమున్నదో చూస్తమన్నరు. ఆమెను చెక్కతోనే దించి రోడ్డు పక్కకు పెట్టినం. గంట సేపు ఎండల ఉన్నది. ఏమనలే. మొఖం మీద కొంగు కప్పుమన్నది, అంతే."

మాసయ్య పానాను గుడ్డతో తుడవసాగాడు.

"ముందు సీటు లేదని గూడ ఎర్క వాళ్లకు. మా ఊరోళ్లు మాకు జెయ్యరు గిట్ల. ఇంక ఆ సీటు సంగతి చూసింది నువ్వే."

అబద్ధం మాసయ్య నాలిక చివరిదాకా వచ్చింది. పట్నంలో ఎవరైనా చూసి ఉండొచ్చు అనేస్తే సరిపోయేది.

"నేనే చెప్పిన," అన్నాడు. "కట్టె మోస్తున్నవనుకున్న. లోపల పొట్టున్నది. పేషంటుకు గట్టి స్ప్రింగులు ఎవడడుగుతడు?"

శివశంకర్ గడప దాటి లోపలికి వచ్చాడు. "పొట్టు, బెరడు ఆమె పండే చెక్కవి. బండ్లనే పెట్టి సైజుకు కోసిన. స్ప్రింగులు ఎందుకడిగిన్నో తెల్వాలెనా? రా. ఆమె పండే తీరుగ పండు."

శివశంకర్‌తో వచ్చిన అతని ఇద్దరు అన్నదమ్ములూ కారులోనే ఉన్నారు. స్వరూపను ఎత్తి దించేది వాళ్లే. మాసయ్య చెక్క మీద వెల్లకిలా పడుకున్నాడు. ఉప్పునుంతల పోయే గుంతల రోడ్డు మీద శివశంకర్ బండి నడిపాడు. మొదటి గుంతలో పడగానే కింద ఇనుము ఇనుముకు తగిలినట్టు దబ్బుమంది. ఆ దెబ్బ సూటిగా నడుములో దిగింది. గడ్డ ఎక్కి దిగినప్పుడు చక్రాలు వేలాడి ఠంగుమన్నాయి. అయిదు కిలోమీటర్లకు మాసయ్య ఆపమని చెయ్యెత్తాడు.

"ఈ రింగు ఎవరు తిప్పిన్రు?"

"నేనే. బండి కుంగుతుంటే పైకి తిప్పిన."

"రింగు తిప్పితే ఎత్తే మారుతది, స్ప్రింగు గట్టిపడదు. మెత్త స్ప్రింగును పైకి లేపినవ్. బరువెక్కితే అడుగుకు పోయి కొడుతుంది. ఉత్తగున్నప్పుడు చక్రం కిందికి దిగే సందే లేదు. నువ్వు గట్టియి అడిగింది సరైన మాటే."

ఇది చెప్పేటప్పుడు అతనికి సిగ్గేసింది. స్ప్రింగుల గురించి తనకు తెలిసిన ఈ ముక్క ఆ రోజు ఎందుకు తోచలేదో అనుకున్నాడు. రబ్బర్లు నుజ్జయిన గుర్తు చూసి కూడా దుంగలనే తలచాడు.

పల్లీ మిల్లు కాంటా మీద కారును ఉత్తగా ఒకసారి, మనుషులతో ఒకసారి తూచారు. స్వరూప స్థానంలో బియ్యం సంచి పెట్టారు. వెనక చక్రాల మీద మాత్రమే ఎంత పడుతుందో విడిగా చూశారు. రెండున్నర క్వింటాళ్లు ఎక్కువ పడుతోంది. ఒక్కో వైపు నూట పాతిక కిలోలు.

మాసయ్య తన దగ్గరున్న స్ప్రింగులన్నీ ఒక్కొక్కటిగా నిలబెట్టి, మీద చెక్క వేసి, యాభై కిలోల సంచి ఎక్కించి టేపుతో కొలిచాడు. కారుకు ఉన్న స్ప్రింగు ఇంచు దిగింది. ఇంకొకటి పావు ఇంచు మాత్రమే దిగింది. అది పెడితే ఉత్తి కారు ఎద్దుబండే. అర ఇంచు కంటే కొంచెం ఎక్కువ దిగిన జతను తీశాడు.

వాటిని బిగించి, మనుషులు, సంచి ఎక్కించాకే ఎత్తు పెట్టాడు. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి, రింగులు కొంచెం కొంచెం తిప్పాడు. చక్రం పైకి పోవడానికీ, కిందికి జారడానికీ తగినంత సందు ఉండేలా చూశాడు. తర్వాత మళ్లీ చెక్క మీద పడుకుని అదే రోడ్డు మీద పోయాడు. కుదుపు ఉంది కాని నడుములో దెబ్బ లేదు. రింగును ఇంకో అర చుట్టు దింపి మూడోసారి కూడా పడుకున్నాడు.

శ్రీశైలానికి ఫోను చేసి, తాను పొరబడ్డానని చెప్పాడు. స్వరూపకు తన తప్పు చెప్పుకోవడానికి మల్లమ్మను తోడు తీసుకుని వాళ్ల పల్లెకు పోయాడు. స్వరూప మంచం మీదే ఉంది. విని, "స్ప్రింగులు మార్చినంక పట్నం పోతుంటె కల్వకుర్తి దాటెదాంక కండ్లు తెరువలే, నిద్రవోయిన," అంది. క్షమించిందో లేదో ఆమె చెప్పలేదు.

ఏడాదికి ఆమె దిండు ఆనుకుని కూర్చోగలిగింది. శివశంకర్ ఇంకో రెండేళ్లు ఆ కారును మాసయ్య దగ్గరికే తెచ్చాడు. పని అయ్యేదాకా బండి పక్కనే నిలబడి, మాసయ్య చేతులనే చూసేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. మాసయ్య కూడా రెండోసారి కూర్చోమనేవాడు కాదు.